రోలాండ్ గారోస్ అర్హత పోటీల వారం: నా అనుభవం

పారిస్‌లోని రోలాండ్ గారోస్ ప్రాంగణంలో జరిగే ఫ్రెంచ్ ఓపెన్ టెన్నిస్ చూడాలని కోరుకునే మనవాళ్ళలో చాలామంది ఫిలిప్ చాట్రియర్ కోర్టు టికెట్ దొరికితేనే పారిస్ ప్రయాణానికి అర్థం ఉంటుందని భావిస్తారు. సుమారు 15,000 మంది కూర్చునే ఆ పెద్ద కోర్టు గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. అయితే మట్టి కోర్టు మీద ఆట ఎలా నడుస్తుందో, ఆ మట్టి ఆటను ఎలా మలుస్తుందో తెలుసుకోవాలనుకునేవారు మెయిన్ డ్రాకు (అసలు పోటీకి) ముందు వారంలో జరిగే అర్హత పోటీలకు వెళ్ళి, చిన్న కోర్టుల పక్కన కూర్చోవాలని నా గట్టి నమ్మకం. 2024 మే నెలలో మా నాన్నగారితో కలిసి వెళ్ళిన తరువాత ఏర్పడిన నమ్మకం ఇది. టికెట్ల దగ్గర నుంచి ఆట దాకా ఆ వ్యవహారం మొత్తం ఎలా సాగిందో, వెళ్ళాలనుకునేవారికి ఉపయోగపడవచ్చునని ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉద్యోగరీత్యా పారిస్ శివారులో ఉంటాను. నాన్నగారు మచిలీపట్నంలో పనిచేసినంత కాలం అక్కడి క్లబ్బులోని మట్టి కోర్టు మీదే టెన్నిస్ ఆడారు. అందువల్ల ఆయనకు వింబుల్డన్ పచ్చిక కంటే రోలాండ్ గారోస్ ఎర్రమట్టి మీదే మక్కువ ఎక్కువ. ఆయన్ను రప్పించడానికి ముందుగా నేను మా ఊరి మునిసిపల్ కార్యాలయంలో ఆతిథ్య ధ్రువపత్రం తీసుకోవలసి వచ్చింది. మన ఇంట్లో బస చేయబోయే అతిథి పేరు, మన ఇంటి వివరాలు, ఆదాయం కాగితాలు చూపించి, 30 యూరోల (2024 నాటి రుసుము) స్టాంపు సమర్పిస్తే ఆ పత్రం ఇస్తారు. దాన్ని, 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమాను వీసా దరఖాస్తుకు జతచేయాలి. పోటీలు మే చివరలో మొదలవుతాయి కనుక ఈ పనులన్నీ చలికాలంలోనే మొదలుపెట్టడం మంచిది.

టికెట్ల విషయంలో కొంత వివరంగా చెప్పాలి. ఫ్రెంచ్ టెన్నిస్ సమాఖ్య వాటిని తన అధికారిక వెబ్‌సైటులోనే అమ్ముతుంది. మేము కొన్నప్పుడు, అమ్మకం తెరిచిన రోజున వేలమంది ఒకేసారి వచ్చారు కాబట్టి ముందుగా ఆన్‌లైన్ వరుసలో నిలబెట్టారు. మన వంతు వచ్చేసరికి పెద్ద కోర్టుల్లో మంచి సీట్లు సాధారణంగా మిగలవు. అర్హత పోటీల వారానికి మాత్రం ఇంత ఒత్తిడి ఉండదు, ధర కూడా మెయిన్ డ్రా టికెట్లతో పోలిస్తే చాలా తక్కువ. సీటు నంబరు ఉండదు, ఖాళీ ఉన్న చోట కూర్చోవచ్చు, ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకు తిరగవచ్చు. మెయిన్ డ్రా సమయంలో కూడా బయటి కోర్టులకు విడిగా టికెట్ ఉంటుంది. చాట్రియర్ టికెట్ దొరకనివారు నిరాశపడకుండా దాన్ని చూసుకోవాలి.

టికెట్లన్నీ పేర్ల మీదే ఇస్తారు. ఎవరు వస్తున్నారో వారి పేరు నమోదు చేయాలి, గేటు దగ్గర ఫోన్‌లోని టికెట్‌తో పాటు గుర్తింపు పత్రం చూపించాలి. తెలుగువారికి ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మనం రోజువారీ వ్యవహారంలో ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి ముందు పెట్టుకుంటాం. కొందరి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది, మరికొందరికి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. ఇంట్లో పిలుచుకునే తీరు, బ్యాంకు పుస్తకంలో ఉన్న తీరు పక్కనపెట్టి, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా, ఏ గడిలోది ఆ గడిలో నింపాలి. నాన్నగారి పేరును నేను పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి నింపాను. గేటు దగ్గర సిబ్బంది రెండింటినీ పోల్చి చూశాకే లోపలికి పంపారు. బయట ఎవరి దగ్గరో కొన్న టికెట్లతో వచ్చేవారికి ఇబ్బంది ఎదురయ్యేది ఇక్కడే. వెళ్ళలేనివారు తమ టికెట్లను తిరిగి అమ్ముకోవడానికి సమాఖ్యే ఒక వేదిక నడుపుతుంది. పోటీలు దగ్గరపడే కొద్దీ అందులో అప్పుడప్పుడు టికెట్లు కనిపిస్తూ ఉంటాయి, ఓపికగా చూసేవారికి దొరుకుతాయి.

మెట్రోలో వెళ్ళేవారికి పదో నంబరు లైను మీద పోర్ట్ దొతాయ్ స్టేషన్ దగ్గర. ఆ లైను పశ్చిమ కొసన ఒక చుట్టు తిరుగుతుంది కనుక, పోర్ట్ దొతాయ్‌లో బూలోన్ వైపు వెళ్ళే రైళ్ళు మాత్రమే ఆగుతాయి. నగరంలోకి తిరిగి వచ్చేటప్పుడు కొద్ది దూరం నడిచి మిషెల్ ఆంజ్ మొలితోర్ స్టేషన్‌లో ఎక్కాలి. తొమ్మిదో నంబరు లైను కూడా అక్కడే దొరుకుతుంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవారు సాయంత్రం రద్దీలో వెతుక్కోకుండా ఈ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి.

లోపలికి వెళ్ళగానే స్పెయిన్ క్రీడాకారుడు రఫేల్ నాదల్ ఉక్కు విగ్రహం కనిపిస్తుంది. అప్పటికి ఇంకా ఆడుతున్న క్రీడాకారుడికి 2021లోనే విగ్రహం పెట్టారంటే ఈ నేల మీద అతని స్థానం ఏమిటో ఊహించవచ్చు. 2005 నుంచి 2022 వరకు 14 సార్లు ఇక్కడ గెలిచినవాడు. మేము వెళ్ళిన వారంలో అతను చాట్రియర్‌లో సాధనకు దిగితే వేలమంది నిండుగా కూర్చుని చూశారు, ప్రతి ఫోర్‌హ్యాండ్‌కూ చప్పట్లు కొట్టారు. అర్హత పోటీల టికెట్‌తో అగ్రశ్రేణి క్రీడాకారుల సాధన చూడగలగడం ఈ వారానికి ఉన్న మరో లాభం. నాన్నగారు మాత్రం కాసేపటి తరువాత నా చేయి తట్టి, "బంతి సంగతి వదిలేసి కాళ్ళు చూడమ్మా, ఒక్క అడుగు కూడా దండగ పోవడం లేదు" అన్నారు. ఆ తరువాతి వారం మొదటి రౌండ్‌లోనే జర్మనీ ఆటగాడు జ్వెరెవ్ చేతిలో ఓడిపోయి, ఈ పోటీలో 112 విజయాలు, 4 ఓటములతో ముగించిన నాదల్‌ను అలా చూడగలగడం మా అదృష్టం.

అక్కడి నుంచి మేము చిన్న కోర్టుల వైపు వెళ్ళాం. ఈ కోర్టుల్లో ముందు వరుసలో కూర్చుంటే బేస్‌లైన్ (కోర్టు వెనుక గీత) కొన్ని అడుగుల దూరంలోనే ఉంటుంది. ఆటగాడు పక్కకు జారినప్పుడు బూటు కింద మట్టి గరగరమనే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది, గాలి మన వైపు ఉంటే సన్నని ఎర్రదుమ్ము మోకాళ్ళ మీద పడుతుంది. టీవీలో ఈ జారడం అలవోకగా కనిపిస్తుంది. దగ్గర నుంచి చూస్తే, బంతిని కొట్టిన తరువాత జారేవారికీ, జారుతూనే కొట్టడం పూర్తిచేసి ఆగిన క్షణంలోనే వెనక్కి తిరగగలిగేవారికీ తేడా తెలుస్తుంది. మొదటి రకం వారికి ప్రతి షాట్ తరువాత ఒకటి రెండు అడుగులు నష్టమవుతాయి. పది పన్నెండు షాట్ల ర్యాలీలో ఆ అడుగులే పాయింటును నిర్ణయిస్తాయి.

ఈ కోర్టుల నిర్మాణం గురించి మొదట విన్నప్పుడు నేను ఆశ్చర్యపోయాను. పేరుకు మట్టి కోర్టే గాని పైన ఉన్నది ఇటుకల పొడి, అదీ ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమే. దాని కింద పిండి చేసి గట్టిపరచిన తెల్లని సున్నపురాయి పొర, ఇంకా కింద బొగ్గు కాలగా మిగిలిన చిట్టెం, దాని కింద కంకర, అన్నిటికంటే అడుగున పెద్ద రాళ్ళు ఉంటాయి. ఆట నిజంగా జరిగేది సున్నపురాయి మీద. పైనున్న ఎర్రపొడి జారడానికి, బంతి ముద్ర పడటానికి, తెల్లని నేల మీద ఎండ కళ్ళలో కొట్టకుండా ఉండటానికి పనికివస్తుంది. 1880ల కాలంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని కాన్ పట్టణంలో ఇంగ్లండ్ టెన్నిస్ ఆటగాళ్ళు రెన్‌షా సోదరులు ఎండకు మాడిపోతున్న పచ్చిక మీద కుండపెంకుల పొడి చల్లించడంతో ఈ పద్ధతి మొదలైందని చెబుతారు.

సున్నపురాయి తేమను పట్టి ఉంచుతుంది, ఆ తేమే కోర్టుకు ప్రాణం. తేమ ఆరిపోతే పైపొడి గాలికి లేచిపోతుంది, కింద గట్టినేల బయటపడి అడుగు నిలవదు. అందుకే నీళ్ళు పెట్టడం, కాల్షియం క్లోరైడ్ చల్లి తేమ నిలపడం, సెట్ పూర్తయిన ప్రతిసారీ నేల సమం చేయడానికి వల లాగడం ఇక్కడ ఆటలో భాగంగానే సాగుతాయి. సెట్ ముగియగానే సిబ్బంది వెడల్పైన వలలు పట్టుకుని కోర్టు చివరి నుంచి నెట్ వైపు చుట్లు తిరుగుతూ లాగుతారు. ఒకరు చీపురుతో గీతల మీద పొడి తుడుస్తూ వెళతారు. తెల్లగీతలు బయటపడి, గుంటలన్నీ సమమై, కోర్టు అప్పుడే అలికిన వాకిలిలా తయారవుతుంది. నాన్నగారు ఈ పనిని ఆటకంటే శ్రద్ధగా చూశారు. వాళ్ళ క్లబ్బులో సాయంత్రం ఆటకు ముందు మాలి రోలరు తిప్పి, నీళ్ళు చల్లి, తాడు పట్టుకుని సున్నంతో గీతలు వేసేవాడట. ఇక్కడ గీతలు సున్నంతో కాకుండా అవిసెనూనె కలిసిన తెల్లరంగుతో వేస్తారని నేను చెప్పినప్పుడు, వాన వచ్చినా చెదరకుండా ఉండే కారణం అదేనా అని ఆయన అడిగారు. వలలు లాగేవారిలో ఒక కుర్రవాడు మూల దగ్గర వేగంగా తిరిగితే, అక్కడ పొడి ఎక్కువగా పేరుకుంటుందని ఆయన గమనించి నాకు చూపించారు. కాసేపటికి మరొకరు వచ్చి ఆ మూలనే మళ్ళీ సర్దారు.

మధ్యాహ్నం చిన్న జల్లు మొదలైంది. అయినా ఆట ఆగలేదు. గట్టి కోర్టు మీదైతే నాలుగు చినుకులకే ఆపేస్తారు. మట్టి కొంత తేమను ఇముడ్చుకుంటుంది కనుక సన్నని జల్లులో ఇక్కడ ఆడనిస్తారు. ముందుగా ప్రమాదకరంగా మారేవి రంగు వేసిన గీతలే, వాటి మీద కాలు పడితే జారుతుంది. జల్లు పెరిగేసరికి అంపైర్ ఆట ఆపారు. సిబ్బంది పెద్ద టార్పాలిన్‌ను రెండు వైపులా పట్టుకుని పరుగున లాగి కోర్టు మొత్తం కప్పేశారు. పైకప్పు ఉన్న కోర్టులు ఈ ప్రాంగణంలో రెండే: 2020లో చాట్రియర్‌కు, 2024లో సుజాన్ లాంగ్లెన్‌కు వచ్చాయి. మిగిలిన కోర్టుల ప్రేక్షకులు గొడుగుల కింద ఎదురుచూడాలి. అందువల్ల తేలికపాటి వానకోటు తీసుకువెళ్ళడం అవసరం. పెద్ద సంచులను, గాజు సీసాలను లోపలికి రానివ్వరు.

ఆ విరామంలో మేము ఒతాయ్ గాజుగృహాల తోటలోకి వెళ్ళాం. అక్కడ 2019లో తెరిచిన సిమోన్ మాథ్యూ కోర్టు నేల మట్టానికి కిందుగా ఉంటుంది. దాని చుట్టూ నాలుగు ఖండాల మొక్కలు పెంచే గాజుగృహాలు కట్టారు. నిర్మాణపరంగా ఈ ప్రాంగణంలో నాకు అన్నిటికంటే నచ్చిన కోర్టు ఇదే. తోటలో నడుస్తూ మేము సానియా మీర్జా గురించి మాట్లాడుకున్నాం. 2011లో రష్యా క్రీడాకారిణి వెస్నినాతో కలిసి మహిళల డబుల్స్ ఫైనల్ ఆడి ఓడిన హైదరాబాద్ అమ్మాయి, మరుసటి ఏడాదే మహేశ్ భూపతితో మిక్స్‌డ్ డబుల్స్ గెలిచింది ఈ నేల మీదే. భూపతి 1997లో జపాన్ క్రీడాకారిణి రికా హిరాకీతో కలిసి మిక్స్‌డ్ టైటిల్ సాధించి, గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారతీయుడయ్యింది కూడా ఇక్కడే. వాననీళ్ళు కారుతున్న గాజు కప్పుల కింద నిలబడి ఆ సంవత్సరాలు తలచుకుంటున్నప్పుడు నాన్నగారి ముఖంలో కనిపించిన సంతోషాన్ని నేను మరువలేను.

వాన వెలిసిన తరువాత మళ్ళీ ఆడిన ఆట వేరు. తడిసిన మట్టి బంతికి అంటుకుని దాన్ని బరువెక్కిస్తుంది, బంతి ఎగరడం తగ్గుతుంది, కొట్టిన దెబ్బకు తగిన వేగం రాదు. పొద్దున ఎండలో భుజాల పైకి లేచిన టాప్‌స్పిన్ (ముందుకు తిరిగేలా కొట్టిన) బంతులు ఇప్పుడు నడుము ఎత్తులోనే వచ్చాయి. వానకు ముందు హాయిగా ఆడిన ఒక ఆటగాడు వాన వెలిశాక తన ఫోర్‌హ్యాండ్ ప్రత్యర్థిని ఇబ్బంది పెట్టడం లేదని గ్రహించి డ్రాప్ షాట్లకు (నెట్ దాటగానే పడేలా మెల్లగా కొట్టే దెబ్బలకు) దిగాడు. తేమ నేల మీద అవి పడిన చోటే దాదాపుగా చచ్చిపోయాయి. ఒకే రోజు, ఒకే కోర్టు మీద, వాతావరణాన్ని బట్టి ఆట ఇంతగా మారిపోవడం టెన్నిస్‌లో ఇంకెక్కడా ఇంత స్పష్టంగా కనిపించదని నేను అనుకుంటున్నాను.

ఆ మ్యాచ్‌లోనే బంతి ముద్ర మీద ఒక వివాదం వచ్చింది. ఇక్కడ గీత దగ్గరి నిర్ణయాలు ఇప్పటికీ లైన్ జడ్జిలే చెబుతారు. 2025లో పురుషుల ఏటీపీ పోటీలన్నీ యాంత్రిక నిర్ణయానికి మారినా, వింబుల్డన్ కూడా అదే దారి పట్టినా, ఆ ఏడాది రోలాండ్ గారోస్ మారలేదు. ఆటగాడు రాకెట్‌తో ముద్ర చుట్టూ గీత గీసి నిలబడ్డాడు. అంపైర్ కుర్చీ దిగి గబగబా నడిచి వచ్చి, వంగి చూశారు. ముద్ర గుండ్రంగా ఉండదు, బంతి జారిన దిక్కులో కోడిగుడ్డులా సాగి ఉంటుంది. రంగు వేసిన గీత మీద బంతి గుర్తు పెద్దగా నిలవదు కనుక, ముద్రకూ గీతకూ మధ్య సందు ఉందా లేదా అన్నదే చూడాలి. అంపైర్ చూపుడు వేలును ఆ సందు మీద ఉంచి, బంతి బయట పడిందని చూపించారు. అవతలి ఆటగాడు నెట్ దాటి వచ్చి చూడటానికి వీల్లేదు, వస్తే హెచ్చరిక పడుతుంది. ఓడిన పాయింటు ముద్రను ఆటగాడు బూటుతో తుడిచేసి సర్వీసుకు వెళ్ళాడు. యంత్రం చెబితే తప్పు తక్కువ ఉండవచ్చు. కానీ రుజువు నేల మీదే ఉండి, అందరి ఎదుటా దాన్ని చదివి తేల్చే ఈ పద్ధతి కొనసాగాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

స్కోరును అంపైర్లు ఫ్రెంచ్‌లోనే చెబుతారు. సాయంత్రానికల్లా నాన్నగారు కెంజ్ (15), త్రాంత్ (30), కరాంత్ (40) అని వారితో పాటు మెల్లగా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

అర్హత పోటీల్లో పురుషులు కూడా మూడు సెట్ల మ్యాచ్‌లే ఆడతారు. పురుషుల్లో 128 మంది, మహిళల్లో 128 మంది బరిలో దిగుతారు, మూడు రౌండ్లు గెలిచిన 16 మంది చొప్పున మెయిన్ డ్రాలోకి వెళతారు. ఈ లెక్క వెనుక ఉన్న ఒత్తిడి కోర్టు పక్కన కూర్చున్నప్పుడే తెలుస్తుంది. 2024లో మెయిన్ డ్రా మొదటి రౌండ్‌లో ఓడినవారికి కూడా 73,000 యూరోలు దక్కాయి. ప్రపంచ ర్యాంకుల్లో 100కు దిగువన ఉండి, ప్రయాణాలు, కోచ్ జీతం, వైద్యం ఖర్చులు సొంతంగా భరించే క్రీడాకారులకు అది సంవత్సరం మొత్తాన్ని నిలబెట్టే సొమ్ము. నిర్ణాయకమైన మూడో సెట్ 6-6కు వస్తే 10 పాయింట్ల టైబ్రేక్ (సమమైన సెట్‌ను తేల్చే ఆట) ఆడిస్తారు. మేము చూసిన అలాంటి ఒక టైబ్రేక్‌లో ఇద్దరు ఆటగాళ్ళూ రెండో సర్వీసును కేవలం లోపల పడేయడానికే కొట్టారు, ఎవరూ గీతల దగ్గరకు గురిపెట్టలేదు. నెగ్గినవాడు వెల్లకిలా పడిపోయి లేచేసరికి వీపంతా ఎర్రబడింది. ఓడినవాడు అంపైర్‌కు చేయి ఇచ్చి, సంచి సర్దుకుని, తలెత్తకుండా మా పక్క నుంచే వెళ్ళిపోయాడు. చుట్టుపక్కల వారు లేచి నిలబడి అతనికీ చప్పట్లు కొట్టారు. నాన్నగారు కూడా లేచారు.

2025 పురుషుల ఫైనల్‌ను మేము వేర్వేరు దేశాల్లో ఉండి టీవీలో చూశాం. ఇటలీ ఆటగాడు సినర్‌కు మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు (ఒక్క పాయింటు గెలిస్తే టైటిల్ దక్కే అవకాశాలు) దక్కినా స్పెయిన్ ఆటగాడు అల్కరాస్ వాటిని కాచుకుని 5 గంటల 29 నిమిషాల తరువాత గెలిచిన ఆ మ్యాచ్‌లో, సెట్ల మధ్య వలలు లాగేటప్పుడు నాన్నగారు ఫోన్ చేసి మూలలు బాగా సర్దారా అని అడిగారు.

వెళ్ళాలనుకునేవారికి రోజు ఎంపిక గురించి ఒక మాట. ఎక్కువమంది ఆటగాళ్ళను, అన్ని రకాల ఆటతీరులను చూడాలంటే వారం మొదట్లో వెళ్ళాలి. అప్పుడు మొదటి రౌండ్ మ్యాచ్‌లు పొద్దుటి నుంచి అన్ని కోర్టుల్లోనూ వరుసగా నడుస్తాయి, నచ్చినంత సేపు చూసి పక్క కోర్టుకు మారవచ్చు. మ్యాచ్‌లు తక్కువైనా ఫరవాలేదు, ప్రతి పాయింటుకూ విలువ ఉన్న ఆట చూడాలనుకుంటే మూడో రౌండ్ జరిగే రోజుల్లో వెళ్ళాలి. రెండు రోజులకు టికెట్లు కొనగలిగినవారు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి తీసుకోవడం ఉత్తమం. గేట్లు తెరిచే వేళకే చేరుకుని నేరుగా చిన్న కోర్టుల ముందు వరుసకు వెళ్ళాలి, మధ్యాహ్నానికి అవి నిండిపోతాయి.